రోమన్లు గ్రీకు దేవుళ్ల పేర్లు మార్చి వాడేసుకున్నారా? అసలు కథ

గ్రీకు పురాణాల గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక ప్రశ్న గ్యారంటీగా వస్తుంది. "అన్నా, జ్యూస్, జూపిటర్ ఇద్దరూ ఒకళ్లేనా?" అని. దాని కిందే ఎవరో ఒకరు ఆన్సర్ కూడా పెట్టేస్తారు. "రోమన్లు కాపీ కొట్టి పేర్లు మార్చారు బ్రో, అంతే." ఈ రోజు ఆ "అంతే" గురించి మాట్లాడుకుందాం.

గూగుల్‌లో కొడితే మీకు ఒక టేబుల్ వస్తుంది. ఎడమ పక్క గ్రీకు పేరు, కుడి పక్క రోమన్ పేరు. జ్యూస్ అంటే జూపిటర్, హేరా అంటే జూనో, పొసైడన్ అంటే నెప్ట్యూన్, ఆరెస్ అంటే మార్స్, ఆఫ్రొడైటీ అంటే వీనస్, హెర్మెస్ అంటే మెర్క్యురీ, ఎథీనా అంటే మినర్వా, హెఫెస్టస్ అంటే వల్కన్, డయోనిసస్ అంటే బాకస్. అపోలోకి మాత్రం రెండు పక్కలా ఒకటే పేరు. ఆయన్ని రోమన్లు పేరుతో సహా తెచ్చుకున్నారు. క్రీ.పూ. 433లో రోమ్‌లో ఒక పెద్ద అంటురోగం వస్తే, జబ్బులు తగ్గించే దేవుడని ఆయనకి గుడి మొక్కుకున్నారు.

క్విజ్ కోసం బట్టీ పట్టాలంటే ఈ టేబుల్ చాలు. కానీ ఆ రెండు పేర్ల మధ్యలో ఈజ్ ఈక్వల్ టు గుర్తు ఉంది చూశారూ, దాన్ని ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు? పెట్టడం వల్ల ఎవరికి ఏమైంది? ఇది మతం గురించిన ప్రశ్నే, కానీ దీని వెనకాల యుద్ధం ఉంది, భయం ఉంది, ప్రభుత్వం ఉంది. ఒక సందర్భంలో అయితే వేల మంది ఇందులో ఇరుక్కున్నారు. ఆ కథకి తర్వాత వస్తాను.

ముందు జూపిటర్ సంగతి తేల్చేద్దాం. ఇక్కడ కాపీ అన్న మాటే కుదరదు. గ్రీకులు జ్యూస్‌ని పిలిచేటప్పుడు "జ్యూ పాతెర్" అనేవాళ్లు, అంటే "ఓ తండ్రీ జ్యూస్" అని. లాటిన్‌లో "యుప్పితెర్". ఋగ్వేదంలో "ద్యౌష్పితా" అని ఒక దేవుడున్నాడు, ఆకాశమనే తండ్రి. ఈ మూడూ పక్కపక్కన పెట్టి పైకి చదవండి. మూడూ ఒకే పాత పదం నుంచి విడిపోయినవని భాషాశాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చేశారు. గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబం కాబట్టి ఆ తాత ముగ్గురు మనవళ్లకీ వచ్చాడన్నమాట. తెలుగు ఆ కుటుంబం కాదు, మనది ద్రావిడ భాష. కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న "దివి", "దేవుడు" అనే మాటల్లో ఆ వేరే ఉంది. సో, జ్యూస్‌, జూపిటర్ పేర్ల వరకు అన్నదమ్ముల పిల్లలు. ఒకరి ఫొటోకి ఇంకొకరు జిరాక్స్ కాదు.

మిగతావాళ్ల కథ వేరు. వాళ్ల పేర్లకి ఇలాంటి చుట్టరికం లేదు. మార్స్‌కి ఆరెస్‌కి, వీనస్‌కి ఆఫ్రొడైటీకి పేరులో ఏ పోలికా లేదు. వీళ్లని ఎవరో పనిగట్టుకుని జత కలిపారు. అది కూడా చాలా ముందే మొదలైంది. రోమ్ అంటే మనకి సీజర్, గ్లాడియేటర్లు గుర్తొస్తారు. వాళ్లకి కొన్ని వందల ఏళ్ల ముందు, రోమ్ ఇంకా ఒక మామూలు ఊరుగా ఉన్న రోజుల్లో, ఊరి మధ్యలో వల్కన్‌కి ఒక పూజాస్థలం ఉండేది. అక్కడ తవ్వితే ఏథెన్స్‌లో తయారైన ఒక కుండ పెంకు దొరికింది. క్రీ.పూ. ఆరో శతాబ్దం నాటిది. దాని మీద గాడిదెక్కి వెళ్తున్న హెఫెస్టస్ బొమ్మ ఉంది. వల్కన్ దగ్గర హెఫెస్టస్ బొమ్మ ఉన్న గ్రీకు కుండ పెట్టారంటే, ఇద్దరూ ఒకటే అని అప్పటికే ఎవరికో అనిపించిందనే అర్థం. నాకైతే మొత్తం ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం ఈ పెంకే. ఏ రాజూ శాసనం వేయలేదు, ఏ కవీ రాయలేదు. ఎవరో ఒక మనిషి సరుకుల ఓడలో వచ్చిన కుండ చూసి "అరె, ఈయన మన వల్కనే కదా" అనుకున్నాడు.

అలాంటిదే రోమ్‌కి దగ్గర్లో లావినియం అనే ఊళ్లో దొరికిన ఒక చిన్న కంచు రేకు. అదీ ఆరో శతాబ్దం చివరిదే. కవలలైన కాస్టర్, పోలక్స్ పేర్లు లాటిన్‌లో రాసి, పక్కన "కుర్రాళ్లు" అనడానికి గ్రీకు మాటనే లాటిన్ అక్షరాల్లో దించేశారు. దక్షిణ ఇటలీ నిండా అప్పటికి గ్రీకు పట్టణాలున్నాయి. ఉత్తరాన ఎట్రుస్కన్లున్నారు, వాళ్లకీ గ్రీకు కథలంటే పిచ్చి. మినర్వా పేరు కూడా ఆ ఎట్రుస్కన్ల "మెన్ర్వా"తో కలిసిపోయి ఉంటుంది. అంటే రోమన్లు ఒకరోజు పొద్దున్నే లేచి గ్రీస్ వెళ్లి దేవుళ్లని ఎత్తుకొచ్చినట్టు కాదు. పక్కింటివాళ్లతో ఉంటే మాటలు, వంటలు ఎలా కలుస్తాయో ఇదీ అలానే కలిసింది.

ఇప్పుడు మార్స్ దగ్గరికి వద్దాం. టేబుల్ బాగా తప్పుదోవ పట్టించేది ఇక్కడే. గాడ్ ఆఫ్ వార్ గేమ్ ఆడినవాళ్లకి ఆరెస్ తెలుసు, విలన్. గేమ్ వాళ్లు ఊరికే అలా పెట్టలేదు. హోమర్ ఇలియడ్‌లో కూడా ఆరెస్‌కి మర్యాద లేదు. డయోమెడిస్ అనే మనిషి, ఎథీనా సాయంతో, ఆయన్ని ఈటెతో పొడుస్తాడు. ఆరెస్ వేల మంది ఒక్కసారి అరిచినట్టు అరిచి, పైకి పరిగెత్తి తండ్రి జ్యూస్‌తో చెప్పుకుంటాడు. జ్యూస్ ఏమంటాడంటే, ఒలింపస్ మీద ఉన్న దేవుళ్లందరిలో నాకు నువ్వంటేనే అసహ్యం అంటాడు. సొంత తండ్రి! యుద్ధంలో తెలివి, వ్యూహం అంతా ఎథీనాది. పిచ్చి, రక్తం, కేకలు ఆరెస్‌వి. గ్రీస్‌లో ఆయన గుళ్లు కూడా తక్కువే.

అదే రోమ్‌కి వస్తే మార్స్ ఎవరు? రోమ్ కట్టిన రోములస్‌కి తండ్రి. జూపిటర్ తర్వాత అంతటి దేవుడు. మార్చి నెల పేరు ఆయనదే, పాత రోమన్ క్యాలెండర్‌లో సంవత్సరం మొదలయ్యేది ఆ నెలతోనే. అందుకే సెప్టెంబర్ అంటే "ఏడోది" అని అర్థం, మనకేమో తొమ్మిదో నెల. ఇంకో విషయం, ఇది చాలామందికి తెలియదు, మార్స్ పొలాల కాపలా దేవుడు కూడా. క్రీ.పూ. రెండో శతాబ్దంలో కేటో అనే రాజకీయ నాయకుడు వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో రైతు మార్స్‌కి చేయాల్సిన ప్రార్థన ఉంది. పంది, గొర్రె, ఎద్దు, ఈ మూడింటినీ పొలం చుట్టూ తిప్పి, తండ్రీ మార్స్, తెగుళ్లు రానీయకు, గాలివాన రానీయకు, పంట ఎదగనీ, నా గొర్రెల్ని, గొర్రెల కాపరుల్ని, ఇంటిల్లిపాదినీ చల్లగా చూడు అని అడగాలి. ఇది వింటే మీకు ఏం గుర్తొస్తుంది? నాకు మన పొలిమేర దేవతలు గుర్తొస్తారు. అరుచుకుంటూ వెళ్లి తండ్రికి చాడీలు చెప్పే ఆరెస్ అస్సలు గుర్తురాడు.

అయినా టేబుల్లో ఇద్దరూ ఒకే వరసలో ఉన్నారు. శిల్పాల్లో ఇద్దరికీ అదే హెల్మెట్, అదే ఈటె, అదే డాలు. రోమన్లు గ్రీకు దేవుడి రూపం తీసుకున్నారు, కథలు కూడా చాలావరకు తీసుకున్నారు. ఆ దేవుడి మీద గ్రీకులకున్న అభిప్రాయం మాత్రం తీసుకోలేదు. క్రీ.పూ. 2లో అగస్టస్ చక్రవర్తి రోమ్ నడిబొడ్డున పెద్ద గుడి కట్టి ప్రారంభించింది ఈ మార్స్‌కే, "పగ తీర్చే మార్స్" అన్న పేరుతో. తన పెంపుడు తండ్రి సీజర్‌ని చంపినవాళ్ల మీద పగ అన్నమాట.

సాటర్న్‌కీ ఇదే జరిగింది. గ్రీకు క్రోనస్ అంటే సొంత పిల్లల్ని మింగేసిన తండ్రి. రోమ్‌లో సాటర్న్ పేరు చెబితే డిసెంబర్ 17న మొదలయ్యే పండగ, బహుమతులు, జూదం, యజమానులే బానిసలకి వడ్డించడం. ఆయన గుడిలోనే రోమ్ ఖజానా పెట్టుకున్నారు. పిల్లల్ని మింగేవాడి దగ్గర ఎవరైనా డబ్బు దాచుకుంటారా చెప్పండి! ఇక జానస్ అని రెండు ముఖాల దేవుడున్నాడు, ద్వారాల దేవుడు, జనవరి పేరు ఆయనదే. ఆయనకి టేబుల్లో ఎడమ పక్క ఖాళీ. గ్రీస్‌లో ఇలాంటి దేవుడు లేడని రోమన్ కవి ఓవిడే రాసుకున్నాడు.

సరే, మరి జనంలో మెల్లగా కలిసిపోతున్న ఈ జతలు అఫీషియల్ ఎప్పుడయ్యాయి? భయం వేసినప్పుడు. క్రీ.పూ. 217లో హానిబాల్ ఇటలీలోకి దిగి, ట్రాసిమీన్ చెరువు దగ్గర రోమన్ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. సేనాపతి కూడా చచ్చిపోయాడు. రోమ్‌లో జనం వణికిపోతున్నారు. అప్పుడు సెనేట్ తమ దగ్గరున్న సిబిల్లైన్ గ్రంథాలు తెరిపించింది. ఇవి గ్రీకులో రాసిన రహస్య పుస్తకాలు, ఆపదొస్తేనే తీసేవాళ్లు. వాటి ప్రకారం పన్నెండు మంది దేవుళ్లకి మూడు రోజులు విందు చేశారు. ఆరు మంచాలు వేసి, ఒక్కో దాని మీద ఇద్దర్ని కూర్చోబెట్టారు. జూపిటర్-జూనో, నెప్ట్యూన్-మినర్వా, మార్స్-వీనస్, అపోలో-డయానా, వల్కన్-వెస్టా, మెర్క్యురీ-సెరిస్.

ఆ జతలు ఒకసారి చూడండి. నెప్ట్యూన్ పక్కన మినర్వా ఎందుకు? రోమ్‌లో వాళ్లిద్దరికీ ఏ సంబంధమూ లేదు. ఏథెన్స్ ఎవరిదని పొసైడన్, ఎథీనా పోటీ పడ్డ గ్రీకు కథ తెలిస్తేనే ఆ జత అర్థమవుతుంది. మార్స్, వీనస్ కూడా అంతే, అది ఆరెస్-ఆఫ్రొడైటీల ప్రేమకథ. అంటే మనం గూగుల్‌లో చూసే టేబుల్‌ని రోమ్ ప్రభుత్వం క్రీ.పూ. 217లో మంచాలు వేసి మరీ నడివీధిలో చూపించింది.

దేవుళ్లని పిలిపించుకోవడం కూడా ఇలానే ఉండేది. క్రీ.పూ. 293లో మళ్లీ రోగాలొస్తే, వైద్యదేవుడు అస్క్లెపియస్‌ని తీసుకురమ్మని గ్రీస్‌లోని ఎపిడారస్‌కి మనుషుల్ని ఓడలో పంపారు. వాళ్లు ఒక పాముని తెచ్చారు, అదే ఆ దేవుడి రూపం. ఓడ రోమ్ చేరగానే పాము నదిలోకి దూకి టైబర్ మధ్యలో ఉన్న దీవి మీదకి వెళ్లిందట. అక్కడే గుడి కట్టారు. ఆ దీవి అంచుని తర్వాత రాళ్లతో ఓడ ఆకారంలో చెక్కారు, ఆ రాళ్ల మీద పాము చుట్టుకున్న కర్ర కొంచెం ఇప్పటికీ కనిపిస్తుంది. ఇప్పుడక్కడ ఒక ఆసుపత్రి నడుస్తోంది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది కదా. దేవుడు వచ్చాడు, గుడి కట్టారు. ఇప్పుడు నేను ముందు చెప్పిన కథ.

బాకస్. గ్రీకు డయోనిసస్. ద్రాక్షసారా, మత్తు, ఒళ్లు తెలియని ఆనందం, వీటి దేవుడు. రోమ్‌లో ఆయనకి సమానమైన పాత దేవుడు లిబర్. లిబర్‌కి, సెరిస్‌కి, లిబెరాకి కలిపి అవెంటైన్ కొండ పక్కన క్రీ.పూ. 493 నుంచే గుడి ఉంది. మార్చి 17న లిబర్ పండగ. మగపిల్లలు పెద్దవాళ్లయ్యారని తెల్ల టోగా కట్టించే ముచ్చట ఎక్కువగా ఆ రోజే చేసేవాళ్లు. పూర్తిగా ప్రభుత్వ దేవుడు.

కానీ అదే దేవుడికి గ్రీకు పద్ధతిలో, గుళ్ల బయట, రాత్రిపూట పూజలు చేసే గుంపులు దక్షిణ ఇటలీ నుంచి పాకుతూ రోమ్‌కి వచ్చాయి. క్రీ.పూ. 186లో ఏం జరిగిందో లివీ అనే చరిత్రకారుడు పూసగుచ్చినట్టు చెప్తాడు. ఆయన రాసింది సుమారు రెండు వందల ఏళ్ల తర్వాత, కాస్త మసాలా ఉంటుంది, అది మనసులో పెట్టుకుని వినండి. ఎబూషియస్ అని ఒక కుర్రాడు. తండ్రి లేడు. మారుతండ్రి ఆస్తి మొత్తం గందరగోళం చేసి, లెక్క చెప్పాల్సి వస్తుందని, ఈ కుర్రాణ్ని బాకస్ పూజల్లో చేర్పించి పాడుచేద్దామనుకుంటాడు. తల్లి కూడా సరేనంటుంది. ఎబూషియస్‌ని ప్రేమించిన హిస్పాలా అనే అమ్మాయి ఉంది, ఒకప్పుడు బానిస, తర్వాత విడుదలై వేశ్యావృత్తిలో బతుకుతోంది. ఆమె ఈ మాట వినగానే హడలిపోయి, వెళ్లొద్దు, నేను బానిసగా ఉన్నప్పుడు మా యజమానురాలితో వెళ్లాను, అక్కడ ఏం జరుగుతుందో నాకు తెలుసు అంటుంది. కుర్రాడు ఇంటికెళ్లి రానంటాడు. తల్లి, మారుతండ్రి కలిసి ఇంట్లోంచి గెంటేస్తారు. మేనత్త దగ్గరికి వెళ్తాడు. ఆమె సలహాతో విషయం కాన్సుల్ పోస్ట్యూమియస్ దాకా చేరుతుంది.

కాన్సుల్ హిస్పాలాని తన అత్తగారి ఇంటికి పిలిపిస్తాడు. ఆమె గజగజా వణుకుతూ చెప్తుంది. మొదట్లో ఇది ఆడవాళ్ల పూజ, ఏడాదికి మూడు రోజులు, అదీ పగలు. తర్వాత పకుల్లా అన్నియా అనే పూజారిణి మొత్తం మార్చేసింది. మగవాళ్లని చేర్చింది, రాత్రికి మార్చింది, నెలకి ఐదు రోజులు చేసింది. లోపల జరగని నేరం లేదంటుంది. ఎంత నిజమో మనం తేల్చలేం. సెనేట్ మాత్రం మొత్తం నమ్మింది, లేదా నమ్మదలుచుకుంది. సమాచారం ఇచ్చినవాళ్లకి బహుమతులు ప్రకటించారు. రోమ్ దాటి పారిపోకుండా కాపలా పెట్టారు. ఏడు వేల మందికి పైగా ఇందులో ఉన్నారని, జైల్లో వేసినవాళ్లకంటే చంపినవాళ్లే ఎక్కువని లివీ రాశాడు. శిక్ష పడ్డ ఆడవాళ్లని వాళ్ల బంధువులకి అప్పగించారు, ఇంట్లోనే చంపుకోమని. చంపడానికి తగిన బంధువు లేకపోతే బహిరంగంగా చంపారు. హిస్పాలాకి, ఎబూషియస్‌కి చెరో లక్ష నాణేలు బహుమతి ఇచ్చారు.

ఇదంతా లివీ కల్పన అనుకోవడానికి కూడా లేదు. ఎందుకంటే ఆ సెనేట్ ఆర్డరు కంచు రేకు మీద చెక్కినది, 1640లో దక్షిణ ఇటలీలోని తిరియోలో అనే ఊళ్లో దొరికింది. ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. అందులో భాష చూస్తే అచ్చం గవర్నమెంట్ జీవోలా ఉంటుంది. మగవాళ్లు పూజారిగా ఉండకూడదు. ఉమ్మడి డబ్బు పెట్టుకోకూడదు. ఒకరికొకరు ప్రమాణాలు చేసుకోకూడదు. పూజకి ఐదుగురికి మించి చేరకూడదు, అందులో మగవాళ్లు ఇద్దరు, ఆడవాళ్లు ముగ్గురు దాటకూడదు. అంతకు మించి కావాలంటే అధికారికి అర్జీ పెట్టుకోవాలి, కనీసం వంద మంది సెనేటర్లు కూర్చుని ఒప్పుకోవాలి. కాదని చేస్తే మరణశిక్ష.

గమనించారా, బాకస్‌ని పూజించొద్దని ఎక్కడా లేదు. దేవుడి జోలికి పోలేదు, దేవుడంటే వాళ్లకీ భయమే. డబ్బు, ప్రమాణాలు, నాయకులు, జనం గుమిగూడటం, వీటినే పట్టుకున్నారు. బానిసలు, ఆడవాళ్లు, పౌరసత్వం లేనివాళ్లు సెనేట్‌కి తెలియకుండా ఒకచోట చేరుతున్నారన్నది అసలు భయం అని చాలామంది చరిత్రకారులు అంటారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఆ పక్కనే అవెంటైన్ దగ్గర లిబర్ గుడి, ఆయన మార్చి పండగ మామూలుగానే సాగిపోయాయి.

తర్వాత రోజుల్లో ఈ గుర్తు రోమన్లు వేరే దేశాల మీద కూడా పెట్టారు. సీజర్ గాల్ దేశం, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు, జయించి పుస్తకం రాస్తూ, వీళ్లు అందరికంటే ఎక్కువగా మెర్క్యురీని పూజిస్తారు, తర్వాత అపోలో, మార్స్, జూపిటర్, మినర్వా అన్నాడు. అక్కడివాళ్లు ఆ దేవుళ్లని ఏ పేరుతో పిలుచుకునేవాళ్లో ఒక్కటీ రాయలేదు. బ్రిటన్‌లోని బాత్ ఊళ్లో వేడినీటి ఊట దేవత సూలిస్‌ని మినర్వాతో కలిపి సూలిస్-మినర్వా అన్నారు. ఆ ఊటలో వందకి పైగా సీసపు రేకులు దొరికాయి. జనం అందులో ఏం రాశారంటే, స్నానానికి వస్తే నా బట్టలు ఎత్తుకెళ్లారమ్మా, వాణ్ని వదలకు అని. దొంగని శపించమని మొర పెట్టుకునేటప్పుడు చాలామంది పిలిచింది సూలిస్ అనే పాత పేరుతోనే.

ఇక చివరగా మన దగ్గరికి. ఆకాశంలో గ్రహాలకి బాబిలోన్ వాళ్లు తమ దేవుళ్ల పేర్లు పెట్టుకున్నారు, మార్దుక్, నెర్గల్, ఇష్తార్ అని. గ్రీకులు వాటికి జ్యూస్, ఆరెస్, ఆఫ్రొడైటీ అని జత కలిపారు. రోమన్లు జూపిటర్, మార్స్, వీనస్ అన్నారు. రోజుకో గ్రహం లెక్కన ఏడు రోజుల వారం రోమన్ సామ్రాజ్యంలో పాకింది, పాంపేయి గోడల మీద కూడా ఆ రోజుల లిస్టు గీసి ఉంది. ఇంగ్లీషువాళ్ల పూర్వీకులు మార్స్ రోజుని తమ టివ్ దేవుడి పేరుతో ట్యూస్‌డే చేశారు, జూపిటర్ రోజుని థోర్‌కిచ్చి థర్స్‌డే చేశారు. సాటర్న్‌కి జత దొరక్క శాటర్‌డే అలానే ఉంచేశారు.

ఆ వారం భారతదేశానికీ వచ్చింది. తారీఖుతో పాటు వారం పేరు కూడా ఉన్న మన శాసనాల్లో బాగా పాతది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో ఉంది, క్రీ.శ. 484 నాటిది. ఆ రోజు గురువారం. మా అమ్మమ్మ భాషలో బేస్తవారం, బృహస్పతి వారం. ఫోన్‌లో క్యాలెండర్ తెలుగులో పెట్టుకుని చూడండి. మార్స్ రోజు మంగళవారం, మెర్క్యురీ రోజు బుధవారం, జూపిటర్ రోజు గురువారం, సాటర్న్ రోజు శనివారం. వరస కూడా తప్పలేదు. కానీ వీనస్ రోజు దగ్గర చూడండి. బాబిలోన్ ఇష్తార్ దేవత, గ్రీకు ఆఫ్రొడైటీ, రోమన్ వీనస్, ఇంగ్లీషు ఫ్రైడేలో ఉన్న ఫ్రిగ్, వరసగా అందరూ ఆడవాళ్లే. మన దగ్గరికి వచ్చేసరికి ఆ కుర్చీలో కూర్చున్నది శుక్రాచార్యుడు, రాక్షసుల గురువుగారు.

ఈసారికి ఇంతే ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో జానస్ గుడి తలుపులు ఎప్పుడు మూసేవాళ్లు, అగస్టస్ వాటిని మూడుసార్లు మూయించానని ఎందుకంత గొప్పగా చెప్పుకున్నాడు, ఆ కథ చెప్పుకుందాం. ఉంటాను.